డైరెక్టరీ వృక్ష సంచారం (సి భాష)

డైరెక్టరీ వృక్ష సంచారం అనగా కంప్యూటరులోని ఒక డైరెక్టరీతో మొదలుపెట్టి, దానిలోని ఫైళ్ళను, ఉపడైరెక్టరీలను, వాటి లోపల ఉన్నవాటిని, ఆ లోపలివాటి లోపల ఉన్నవాటిని కూడా ఒకటైనా వదలకుండా, ఏదీ రెండుసార్లు రాకుండా క్రమపద్ధతిలో సందర్శించడం. డిస్కులో ఎంత చోటు వాడబడిందో లెక్కించడం, పేరును బట్టి ఫైలును వెదకడం, నకళ్ళు తీయడం, ఒక డైరెక్టరీని మొత్తంగా చెరిపివేయడం వంటి పనులన్నిటికీ ఇదే ఆధారం. యునిక్సు, లినక్సు వ్యవస్థలలోని ఫైండ్, డియు, ఆర్‌ఎం అనే ఆదేశాల లోపల జరిగేది ఈ సంచారమే. సి ప్రోగ్రామింగు భాషలో దీనిని సాధారణంగా రికర్షన్ పద్ధతిలో, అనగా ఒక ప్రమేయం (ఫంక్షను) తనను తానే పిలుచుకునే పద్ధతిలో రాస్తారు.

చూడడానికి ఇది పది పంక్తుల ప్రోగ్రాము. అయితే పాఠ్యపుస్తకాలలో చెప్పినట్లు డైరెక్టరీల అమరిక అన్నివేళలా నిజమైన వృక్షం కాదు. అందులో అడ్డదారులు ఉంటాయి, వెనక్కి తిప్పే దారులు ఉంటాయి. అంతేకాక నడక సాగుతున్నంతసేపూ అది మారకుండా నిలిచి ఉండదు. ఈ రెండు విషయాలను గమనించని ప్రోగ్రాము తప్పు లెక్కలు చెప్పగలదు, ఆగకుండా తిరగగలదు, చెరపకూడని ఫైళ్ళను చెరపగలదు.

ఉదాహరణ

ఈ వ్యాసంలో ఉదాహరణకు విశాఖ మన్యపు స్థలనామాలతో ఒక ఊహాత్మక డైరెక్టరీని తీసుకోవడమైనది. అరకులోయ పరిసరాల ఛాయాచిత్రాలను మండలాల వారీగా ఒకరు ఈ విధంగా భద్రపరచుకున్నారని అనుకుందాం.

మన్యం
    అనంతగిరి
        కటికి
        బొర్రా
            గుహ
            స్టేషన్
    అరకులోయ
        తోట
        రైలుదారి (బొర్రాకు లింకు)
    డుంబ్రిగుడ
        చాపరాయి

ఇందులో మన్యం, అనంతగిరి, బొర్రా, అరకులోయ, డుంబ్రిగుడ అనే 5 డైరెక్టరీలు, 5 ఫైళ్ళు, ఒక లింకు ఉన్నాయి. కొత్తవలస - కిరండూల్ రైలుమార్గం బొర్రా గుహల మీదుగా అరకుకు వస్తుంది కనుక, బొర్రా చిత్రాలు అరకులోయలో వెదికేవారికి కూడా దొరకాలని ఆ లింకును ఉంచారు.

లోతు అన్ని కొమ్మలలో ఒకేలా లేదని గమనించాలి. డుంబ్రిగుడలో ఫైలు రెండవ మెట్టులోనే ఉన్నది. బొర్రాలో మూడవ మెట్టులో ఉన్నది. మన్యంలో ఒక పంచాయతీ కింద ఒకే ఊరు ఉండవచ్చు, లేదా కొండవాలుల మీద చెదరి ఉన్న అనేక గూడేలు ఉండవచ్చు. గూడేల వారీగా కూడా చిత్రాలను విడదీస్తే కొన్ని కొమ్మలు ఇంకా లోతుకు పోతాయి. మెట్టుకొక లూపు చొప్పున ఒకదానిలో ఒకటి రాసుకుంటూ పోతే ఎన్ని లూపులు రాయాలో ముందుగా తెలియదు. రికర్షన్ ఆవశ్యకత ఇక్కడే ఏర్పడుతుంది. ప్రతి ఉపడైరెక్టరీ కూడా స్వయంగా ఒక చిన్న వృక్షమే కనుక, పెద్ద వృక్షానికి రాసిన ప్రమేయమే దానికీ సరిపోతుంది.

చరిత్ర

డైరెక్టరీలో డైరెక్టరీ ఉండగల ఫైలు వ్యవస్థను మల్టిక్స్ రూపకల్పనలో భాగంగా డేలీ, న్యూమన్ 1965లో ఒక పత్రంలో వివరించారు. మల్టిక్స్ నుండి ఈ భావన యునిక్సుకు వచ్చింది. తొలి యునిక్సులలో డైరెక్టరీ కూడా ఒక మామూలు ఫైలు వలెనే చదవబడేది. ఒక్కొక్క పేరుకు 16 బైట్లు కేటాయింపు: అందులో 2 బైట్లు ఐనోడు సంఖ్యకు, 14 బైట్లు పేరుకు. ప్రోగ్రాములు ఆ 16 బైట్లను నేరుగా చదువుకునేవి. 1983లో వెలువడిన 4.2 బిఎస్‌డిలో పేర్ల పొడవు 255 బైట్ల వరకు పెరిగింది. డైరెక్టరీ లోపలి అమరిక మారిపోయింది. నేరుగా చదవడం ఇక సాధ్యం కాకపోవడంతో ఓపెన్‌డిర్, రీడ్‌డిర్, క్లోజ్‌డిర్ అనే ప్రమేయాలు ప్రవేశపెట్టబడ్డాయి. సింబాలిక్ లింకులు కూడా 4.2 బిఎస్‌డితోనే వచ్చాయి. అనగా సంచారాన్ని సులభం చేసిన ప్రమేయాలు, దానిని చిక్కులో పెట్టిన లింకులు ఒకే విడుదలలో వచ్చాయన్నమాట. 1988 నాటి పోజిక్స్ ప్రమాణం ఈ ప్రమేయాలను స్వీకరించింది.

ఇవి సి భాషా ప్రమాణంలో భాగం కావు. సి ప్రమాణం ఫైలును తెరవడం, చదవడం, రాయడం గురించి చెబుతుంది కానీ డైరెక్టరీ అనే మాటను పట్టించుకోదు. కాబట్టి ఈ వ్యాసంలోని విషయం ప్రధానంగా పోజిక్స్ వ్యవస్థలకు (లినక్సు, మాక్, బిఎస్‌డి) వర్తిస్తుంది.

బ్రయాన్ కెర్నిహాన్, డెన్నిస్ రిచీ రచించిన ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ గ్రంథం (1978, రెండవ కూర్పు 1988) ఎనిమిదవ అధ్యాయంలో ఈ సంచారానికి ఒక ఉదాహరణ ఉన్నది. అందులో రెండు ప్రమేయాలు ఒకదానినొకటి పిలుచుకుంటాయి. బోధనకు అది చక్కని ఉదాహరణ. అయితే అది స్టాట్ ప్రమేయాన్ని వాడుతుంది, అనగా లింకుల వెంట పోతుంది. కనుక దానిని యథాతథంగా నేటి వ్యవస్థలో వాడడం తగదు.

ప్రాథమిక విధానం

దిగువ విధానంలో ప్రమేయాల పేర్లను తెలుగు లిపిలో చూపడమైనది. అసలు ప్రోగ్రాములో వీటిని రోమను లిపిలోని చిన్న అక్షరాలతో రాయాలి.

నడక (దారి)
    డి = ఓపెన్‌డిర్ (దారి)
    డి శూన్యమైతే: కారణం తెలిపి వెనుదిరుగు
    రీడ్‌డిర్ (డి) పేరు ఇస్తున్నంతవరకు:
        పేరు "." గాని ".." గాని అయితే దాటవేయి
        కొత్తదారి = దారి + "/" + పేరు
        ఎల్‌స్టాట్ (కొత్తదారి, వివరం)
        విఫలమైతే: కారణం తెలిపి తరువాతి పేరుకు వెళ్ళు
        కొత్తదారిని ముద్రించు
        వివరం "ఇది డైరెక్టరీ" అంటే: నడక (కొత్తదారి)
    క్లోజ్‌డిర్ (డి)

మన్యం డైరెక్టరీ మీద దీనిని నడిపితే నడక ప్రమేయం డైరెక్టరీకి ఒకసారి చొప్పున మొత్తం 5 సార్లు పిలవబడుతుంది. బొర్రాలో ఉన్నప్పుడు మూడు పిలుపులు ఒకేసారి సజీవంగా ఉంటాయి: మన్యం పిలుపు అనంతగిరి పిలుపు కోసం, అనంతగిరి పిలుపు బొర్రా పిలుపు కోసం వేచి ఉంటాయి. ప్రతి పిలుపుకు తనదైన "దారి", తనదైన "డి" ఉంటాయి. అవి స్టాకు అనే స్మృతి భాగంలో ఒకదానిపై ఒకటి పేర్చబడతాయి. బొర్రా పని ముగియగానే దాని వివరాలు తొలగిపోయి, అనంతగిరి పిలుపు తాను ఆగిన చోటి నుండి కొనసాగుతుంది. ఏ మెట్టులో ఎంతవరకు చూశామో ప్రోగ్రాము రాసేవారు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోనవసరం లేదు.

ఈ విధానంలో ప్రతి పంక్తికి ఒక కారణం ఉన్నది. ప్రతి డైరెక్టరీలోను "." అనే పేరు ఆ డైరెక్టరీనే, ".." అనే పేరు దాని పైమెట్టును సూచిస్తాయి. వీటిని దాటవేయకపోతే నడక మన్యం నుండి మళ్ళీ మన్యంలోకి, అక్కడి నుండి మళ్ళీ మన్యంలోకి పోతూనే ఉంటుంది. కొందరు మొదటి అక్షరం చుక్క అయితే చాలునని దాటవేస్తారు. అది కూడా తప్పే; చుక్కతో మొదలయ్యే దాపరిక ఫైళ్ళన్నీ లెక్కలోకి రాకుండా పోతాయి. పేరును పూర్తిగా పోల్చి చూడాలి.

విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు మరొకటి. రీడ్‌డిర్ ఇచ్చేది కేవలం పేరు, దారి కాదు. బొర్రాలో చదువుతున్నప్పుడు అది "గుహ" అని మాత్రమే చెబుతుంది. ఆ పేరును అలాగే ఎల్‌స్టాట్‌కు ఇస్తే, ప్రోగ్రాము ఎక్కడ నిలబడి నడుస్తున్నదో ఆ డైరెక్టరీలో "గుహ" కోసం వెదికి, లేదని తిరిగివస్తుంది. ఈ పొరపాటు ఉన్న ప్రోగ్రాము ప్రస్తుత డైరెక్టరీ మీద నడిపినప్పుడు మొదటి మెట్టువరకు బాగానే పనిచేస్తుంది. అందువలన దోషం వెంటనే బయటపడదు. రెండవ మెట్టులోకి దిగగానే అన్నీ "అలాంటి ఫైలు లేదు" అని వస్తాయి. యాదృచ్ఛికంగా అదే పేరుతో ప్రస్తుత డైరెక్టరీలో వేరొక ఫైలు ఉంటే అది కూడా రాదు. తప్పు ఫైలు వివరాలు నిశ్శబ్దంగా లెక్కలో చేరతాయి. ఇది మరింత ప్రమాదకరం.

రీడ్‌డిర్ శూన్యాన్ని తిరిగి ఇస్తే రెండు అర్థాలు ఉన్నాయి: పేర్లు అయిపోయాయి, లేదా చదవడంలో దోషం వచ్చింది. పిలవడానికి ముందు ఎర్‌నో అనే చరరాశిని సున్నా చేసి, తరువాత దానిని పరిశీలిస్తేనే ఈ రెండింటిని విడదీయగలం. అలాగే రీడ్‌డిర్ ఇచ్చిన పేరు ఉన్న స్మృతి తరువాతి పిలుపుతో మారిపోవచ్చును. ఆ పేరును దాచుకోదలచినవారు నకలు తీసి ఉంచుకోవాలి.

పేర్లు ఏ క్రమంలో వస్తాయన్నది ప్రమాణం చెప్పదు. అకారాది క్రమం కావాలంటే పేర్లన్నిటిని ముందుగా చదివి క్రమపరచుకోవాలి. బైట్ల విలువను బట్టి క్రమపరచితే వచ్చేది యూనికోడు క్రమం. అందులో ళ అక్షరం ల, వ ల నడుమ వస్తుంది. మన వర్ణమాలలో అది హ తరువాత వస్తుందని వేరుగా చెప్పనక్కరలేదు.

పూర్వక్రమం, ఉత్తరక్రమం

డైరెక్టరీ పేరును దాని లోపలివాటికంటే ముందు చూస్తే పూర్వక్రమం, తరువాత చూస్తే ఉత్తరక్రమం అంటారు. జాబితా ముద్రించడానికి, నకలు తీయడానికి పూర్వక్రమం తగినది. అనంతగిరి అనే డైరెక్టరీని ముందు సృష్టించనిదే అందులో బొర్రాను ఉంచలేం. మొత్తం పరిమాణం లెక్కించడానికి, చెరపడానికి ఉత్తరక్రమం తప్పనిసరి. ఖాళీగా లేని డైరెక్టరీని వ్యవస్థ చెరపనివ్వదు. పైన ఇచ్చిన విధానంలో ముద్రించే పంక్తిని నడక పిలుపు తరువాతకు జరిపితే అదే ఉత్తరక్రమం అవుతుంది.

లింకులు, వలయాలు

పై విధానంలో స్టాట్‌కు బదులు ఎల్‌స్టాట్ వాడడం ఎంతో ముఖ్యం. స్టాట్ లింకు వెంట పోయి గమ్యస్థానం వివరాలు చెబుతుంది; ఎల్‌స్టాట్ లింకు దగ్గరే ఆగి, ఇది లింకు అని చెబుతుంది. మన ఉదాహరణలో స్టాట్ వాడితే రైలుదారి ఒక డైరెక్టరీలాగా కనిపిస్తుంది. నడక దానిలోకి దిగి గుహ, స్టేషన్ అనే ఫైళ్ళను మళ్ళీ లెక్కిస్తుంది. 5 ఫైళ్ళు 7 అవుతాయి. ఫలితం చూసినవారికి అనుమానం కలిగే అవకాశం తక్కువ.

దీనికంటే తీవ్రమైనది వలయం. ఎవరైనా సౌకర్యం కోసం అనంతగిరిలో "అన్నీ" అనే లింకును మన్యానికే పెట్టారనుకుందాం. స్టాట్ వాడే నడక మన్యం, అనంతగిరి, అన్నీ, అనంతగిరి, అన్నీ అంటూ తిరుగుతుంది. ప్రతి చుట్టులోను దారి పొడవు పెరుగుతుంది, మొత్తం వృక్షం మళ్ళీ లెక్కించబడుతుంది. లినక్సు ఒక దారిలో 40 లింకులకు మించి అనుసరించదు కనుక నడక చివరకు ఆగుతుంది. కానీ అప్పటికి ప్రతి ఫైలు నలభైసార్లకు తక్కువ కాకుండా లెక్కకు వచ్చి ఉంటుంది.

లింకుల వెంట తప్పక పోవలసిన ప్రోగ్రాములు కూడా ఉంటాయి. అవి ప్రతి డైరెక్టరీకి పరికరం సంఖ్య, ఐనోడు సంఖ్య అనే జంటను గుర్తుంచుకోవాలి. ఒక వ్యవస్థలో ఈ జంట ఒక వస్తువుకు ఒక్కటే ఉంటుంది. పేరు ఏదైనా, ఏ దారిన వచ్చినా అదే జంట మళ్ళీ ఎదురైతే ఇదివరకు వచ్చిన చోటికే వచ్చామని అర్థం. ఒకే ఫైలుకు రెండు పేర్లు ఉండే హార్డ్ లింకుల విషయంలోను ఇదే ఉపాయం పనిచేస్తుంది. డిస్కు వాడకాన్ని లెక్కించే డియు ఆదేశం అటువంటి ఫైలును ఒకేసారి లెక్కించేది ఈ విధంగానే.

తెలుగు పేర్లు, బైట్లు

సి భాషకు అక్షరం తెలియదు, బైటు మాత్రమే తెలుసు. నేటి లినక్సు, మాక్ వ్యవస్థలలో తెలుగు ఫైలు పేర్లు సాధారణంగా యుటిఎఫ్-8 సంకేత పద్ధతిలో ఉంటాయి. ఇందులో యూనికోడు తెలుగు విభాగంలోని ప్రతి సంకేతానికి 3 బైట్లు పడతాయి. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న కూడా విడివిడి సంకేతాలే. అనంతగిరి అనే మాట కంటికి 5 అక్షరాలు. యూనికోడులో 8 సంకేతాలు. డిస్కులో 24 బైట్లు. "మన్యం/అనంతగిరి/బొర్రా/గుహ" అనే దారి కంటికి 11 అక్షరాలు, 3 ఏటవాలు గీతలు. స్ట్రింగు పొడవును చెప్పే స్ట్ర్‌లెన్ ప్రమేయం మాత్రం దానిని 69 అంటుంది. ముగింపు సున్నాతో కలిపి 70 బైట్ల చోటు కావాలి. అక్షరాలను కంటితో లెక్కించి 20 బైట్లు చాలునని కేటాయించినవారి ప్రోగ్రాము పక్కనున్న స్మృతిని పాడుచేస్తుంది. సి భాషలో దీనిని ఎవరూ ఆపరు. దారిని కలిపే ప్రతిసారీ పాత దారి పొడవు, గీత, పేరు పొడవు, ముగింపు సున్నా కూడి, అంత చోటును అప్పటికప్పుడు కేటాయించుకోవడమే సరియైన మార్గం.

లినక్సులో ఒక పేరుకు పరిమితి 255 బైట్లు, ఒక దారికి 4096 బైట్లు. అనగా తెలుగు పేరులో 85 సంకేతాలకు మించి పట్టవు. పేర్లను గుప్తీకరించే ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌లో ఈ పరిమితి 143 బైట్లు మాత్రమే. తెలుగులో అది 47 సంకేతాలు. నకలు తీసే ప్రోగ్రాము ఒక డిస్కులో చదివిన పేరును మరొక డిస్కులో రాయలేకపోవడానికి ఇది ఒక కారణం. ఆంగ్ల పేర్లతో మాత్రమే పరీక్షించినవారికి ఈ దోషం కనబడదు.

ఒక మేలు కూడా ఉన్నది. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో యుటిఎఫ్-8ను రూపొందించినప్పుడు, ఇతర లిపుల అక్షరాల బైట్లలో ఏదీ చుక్కతోగాని, ఏటవాలు గీతతోగాని, ముగింపు సున్నాతోగాని కలవకుండా చూశారు. అందువలన తెలుగు గురించి ఏమీ తెలియని 1980ల నాటి సంచార ప్రోగ్రాము కూడా, చోటు సరిపడా ఉంటే, తెలుగు పేర్ల మధ్య సవ్యంగా నడుస్తుంది.

పేర్లను పోల్చేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. "స్టేషన్" అని టైపు చేసినప్పుడు కొన్ని ఉపకరణాలు చివరి పొల్లు తరువాత, అక్షరాలు కలవకుండా ఆపే ఒక అదృశ్య సంకేతాన్ని చేరుస్తాయి. అది ఉన్న పేరు, లేని పేరు కంటికి ఒక్కటే. వ్యవస్థకు అవి 3 బైట్ల తేడాతో రెండు వేర్వేరు ఫైళ్ళు. ఐత్వం గుర్తుది మరొక కథ. యూనికోడు దానిని ఒకే సంకేతంగాను, ఎత్వం గుర్తు, ఐత్వపు కింది గుర్తు అనే రెండు సంకేతాలుగాను రాయనిచ్చి, రెండూ సమానమని చెబుతుంది. మాక్ వ్యవస్థలోని పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసి దాచేది. అక్కడి నుండి తెచ్చిన "రైలుదారి"ని బైట్లను బట్టి వెదికితే లినక్సులో దొరకకపోవచ్చు.

నడుస్తుండగా మారే వృక్షం

రీడ్‌డిర్ ఒక పేరు చెప్పిన క్షణానికి, ఎల్‌స్టాట్ దానిని పరిశీలించే క్షణానికి మధ్య ఆ ఫైలును వేరొక ప్రోగ్రాము చెరపవచ్చు. అప్పుడు "అలాంటి ఫైలు లేదు" అని వస్తుంది. ఇది లోపం కాదు, దాటిపోవలసిన విషయం. ఒక్క ఫైలు కోసం మొత్తం నడకను ఆపడం అవివేకం. అనుమతులు లేకపోవడం కూడా ఇటువంటిదే. అయితే డైరెక్టరీకి రెండు అనుమతులు ఉంటాయని గుర్తుంచుకోవాలి: చదివే అనుమతి ఉంటే పేర్లు తెలుస్తాయి, దాటే అనుమతి ఉంటేనే ఆ పేర్ల వెనుక ఉన్నవి తెలుస్తాయి. మొదటిది ఉండి రెండవది లేనిచోట పేర్లన్నీ వస్తాయి కానీ ప్రతి ఎల్‌స్టాట్ విఫలమవుతుంది.

పేరు మార్పుల విషయానికి మన్యమే మంచి ఉదాహరణ. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం, తూర్పు గోదావరి జిల్లాల ఏజెన్సీ ప్రాంతాలతో, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. మన ఊహాత్మక సేకరణలో మన్యం డైరెక్టరీ అంతకుముందు "విశాఖపట్నం" కింద ఉండేదనుకుంటే, ఇప్పుడు దానిని కొత్త జిల్లా కిందికి మార్చాలి. ఒకే ఫైలు వ్యవస్థలో ఇది క్షణంలో అయిపోతుంది. లోపల వేల ఫైళ్ళు ఉన్నా ఒక్కదానిని కూడా కదపనక్కరలేదు. పైమెట్టులో ఒక పేరు తీసి వేరొక చోట రాస్తే చాలు. వేరే డిస్కుకు మార్చాలంటే మాత్రం మొత్తం సంచారం చేసి నకలు తీసి, పాతదానిని చెరపవలసిందే.

మార్పు తరువాత చిక్కు లింకుల వద్ద వస్తుంది. రైలుదారి అనే లింకులో "పైమెట్టుకు పోయి అనంతగిరిలోని బొర్రా" అని సాపేక్షంగా రాసి ఉంటే అది పనిచేస్తూనే ఉంటుంది. "విశాఖపట్నం" అనే పేరుతో సహా పూర్తి దారి రాసి ఉంటే తెగిపోతుంది. తెగిన లింకును స్టాట్ లేదంటుంది, ఎల్‌స్టాట్ ఉన్నదంటుంది. తెగిన లింకులను పట్టుకోవడానికి ఈ తేడానే ఆధారం. ఇక పేరు మారే సమయానికి సంచారం జరుగుతూ ఉంటే, పాత దారిని స్ట్రింగుగా పట్టుకున్న నడకకు ఆ క్షణం నుండి ఏదీ దొరకదు.

చెరపడం, దానిలోని ప్రమాదం

చదివే సంచారంలో పొరపాటు జరిగితే లెక్క తప్పుతుంది. చెరిపే సంచారంలో పొరపాటు జరిగితే పోయినది తిరిగి రాదు. లింకును డైరెక్టరీగా భావించి దిగిన ప్రోగ్రాము అరకులోయను చెరపబోయి బొర్రాను కూడా ఖాళీ చేస్తుంది. ఎల్‌స్టాట్ వాడితే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది, కానీ పూర్తిగా తప్పదు. ఎల్‌స్టాట్ "ఇది డైరెక్టరీ" అని చెప్పిన తరువాత, ఓపెన్‌డిర్ దానిని తెరిచేలోగా ఎవరైనా ఆ డైరెక్టరీని తొలగించి అదే పేరుతో ఒక లింకును పెట్టవచ్చు. ఓపెన్‌డిర్ లింకు వెంట పోతుంది. చెరిపే ప్రోగ్రాము సర్వాధికారాలతో నడుస్తుంటే, తనకు అధికారం లేని డైరెక్టరీని ఆ దుర్మార్గుడు దానిచేత చెరిపించగలడు.

ఇది ఊహించి చెప్పినది కాదు. రస్ట్ భాష ప్రామాణిక గ్రంథాలయంలో డైరెక్టరీని మొత్తంగా చెరిపే ప్రమేయంలో సరిగ్గా ఈ లోపమే 2022 జనవరిలో బయటపడింది, 1.58.1 విడుదలలో సరిదిద్దబడింది. భద్రతకు పేరుపొందిన భాషలోనే ఇది జరిగిందంటే, లోపం భాషలో లేదని, దారిని పేరుతో పట్టుకునే పద్ధతిలో ఉన్నదని అర్థమవుతుంది.

పోజిక్స్ 2008 కూర్పులో దీనికి పరిష్కారం చేరింది. ఓపెన్‌ఎట్, ఎఫ్‌స్టాట్‌ఎట్, అన్‌లింక్‌ఎట్ అనే ప్రమేయాలు పూర్తి దారిని కాక, ఇప్పటికే తెరిచి ఉన్న డైరెక్టరీని, దానిలోని ఒక్క పేరును తీసుకుంటాయి. లినక్సులో ఇవి 2006లో 2.6.16 విడుదలతో వచ్చాయి. లింకు అయితే తెరవవద్దు, డైరెక్టరీ అయితేనే తెరువు అనే రెండు షరతులను (ఓ_నోఫాలో, ఓ_డైరెక్టరీ) ఓపెన్‌ఎట్‌కు ఇస్తే, పరిశీలించడం, తెరవడం ఒకే చర్యలో జరుగుతాయి. మధ్యలో మార్చడానికి వ్యవధి ఉండదు. అలా తెరిచినదానిని ఎఫ్‌డిఓపెన్‌డిర్‌కు అప్పగించి యథాప్రకారం చదువుకోవచ్చు. ఈ పద్ధతిలో పైమెట్టు పేరు మారినా నడకకు ఆటంకం లేదు. పట్టుకున్నది డైరెక్టరీని, దాని పేరును కాదు. దారి పొడవు పరిమితి కూడా అడ్డురాదు. చెరిపే ప్రోగ్రామును వేరే విధంగా రాయకపోవడమే మంచిది.

లోతు, పరిమితులు

రికర్షన్‌లో ప్రతి మెట్టుకు ఒక డైరెక్టరీ తెరిచి ఉంటుంది. లినక్సులో ఒక ప్రోగ్రాము ఒకేసారి తెరవగల ఫైళ్ళకు సాధారణ పరిమితి 1024. పేర్లన్నిటిని ముందుగా చదువుకుని, డైరెక్టరీని మూసి, ఆ తరువాత లోపలికి దిగితే ఈ పరిమితి బాధించదు. దానికి బదులు స్మృతి ఎక్కువ ఖర్చవుతుంది, పైన చెప్పిన భద్రత కొంత తగ్గుతుంది. స్టాకుకు కూడా పరిమితి ఉన్నది. లినక్సులో అది సాధారణంగా 8 మెగాబైట్లు. ప్రతి పిలుపులోను దారి కోసం 4096 బైట్ల వరుసను స్టాకు మీదే ప్రకటిస్తే, ఇతర ఖర్చులు లేవనుకున్నా 2048 మెట్లకు స్టాకు నిండిపోతుంది. మనుషులు తయారుచేసుకున్న డైరెక్టరీలు అంత లోతుకు పోవు. కానీ ప్రోగ్రాములచేత కావాలని వేల మెట్లు తయారుచేయించవచ్చు. అటువంటివి ఎదురుకాగల చోట రికర్షన్‌కు బదులు, చూడవలసిన డైరెక్టరీల జాబితాను ప్రోగ్రామే స్వయంగా ఉంచుకుని లూపుతో నడవడం మేలు.

సిద్ధ ప్రమేయాలు

ఈ చిక్కులన్నిటిని ప్రతివారూ మొదటి నుండి ఎదుర్కోనవసరం లేదు. పోజిక్స్‌లో ఎన్‌ఎఫ్‌టిడబ్ల్యు అనే ప్రమేయం ఉన్నది. ప్రారంభ డైరెక్టరీని, ప్రతి ఫైలుకు పిలవవలసిన ప్రమేయాన్ని, ఒకేసారి తెరిచి ఉంచదగిన డైరెక్టరీల సంఖ్యను ఇస్తే సంచారం అదే చేస్తుంది. లింకుల వెంట పోవద్దని, ఉత్తరక్రమంలో నడవమని, వేరే ఫైలు వ్యవస్థలోకి దాటవద్దని దానికి చెప్పవచ్చు. లింకుల వెంట పోవద్దని చెప్పకపోతే అది పోతుంది. ఇది మరచిపోయేవారు అనేకులు. దీనికంటే పాతదైన ఎఫ్‌టిడబ్ల్యును 2008 కూర్పు కాలం చెల్లినదిగా గుర్తించింది. బిఎస్‌డి సంప్రదాయంలోని ఎఫ్‌టిఎస్ ప్రమేయాలు తిరిగి పిలిచే పద్ధతిలో కాక, అడిగినప్పుడల్లా ఒక్కొక్క ఫైలును అందిస్తాయి. పేర్లను క్రమపరచే సదుపాయం, వలయాలను గుర్తించే సదుపాయం అందులోనే ఉన్నాయి. ఇవి పోజిక్స్‌లో లేకపోయినా లినక్సు, మాక్ వ్యవస్థలలో లభిస్తాయి.

విండోస్‌లో ఫైండ్‌ఫస్ట్‌ఫైల్, ఫైండ్‌నెక్స్ట్‌ఫైల్, ఫైండ్‌క్లోజ్ అనే మూడు ప్రమేయాలతో ఇదే పని జరుగుతుంది. పేరుతోపాటు అది డైరెక్టరీయా కాదా అన్న వివరం కూడా అక్కడే అందుతుంది. తెలుగు పేర్ల కోసం వీటి వెడల్పాటి అక్షరాల రూపాలను, అనగా యుటిఎఫ్-16 పద్ధతిలో పేర్లు ఇచ్చేవాటిని వాడాలి. అందులో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 2 బైట్లు పడతాయి. పేరు పరిమితిని బైట్లలో కాక 16 బిట్ల ప్రమాణాలలో 255గా లెక్కిస్తారు కనుక, విండోస్‌లో లినక్సుకు మూడింతల పొడవైన తెలుగు పేరు పెట్టవచ్చు. అటువంటి పేరున్న ఫైలును విండోస్ నుండి లినక్సు డిస్కుకు నకలు తీయబోతే "పేరు మరీ పొడవు" అనే దోషం వస్తుంది.